రాకెట్‌బాల్ క్లబ్ మొదలుపెట్టిన సెమిస్టర్: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

మా విశ్వవిద్యాలయ క్రీడాభవనం నేలమాళిగలో రెండు రాకెట్‌బాల్ (నాలుగు గోడల మధ్య రాకెట్‌తో బంతిని గోడకు కొట్టి ఆడే ఆట) కోర్టులు ఉన్నాయన్న సంగతి ఏళ్ల తరబడి ఇక్కడే చదువుతున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. నాకు తెలిసిందీ దారి తప్పి అటు వెళ్లడం వల్లనే. ఒక కోర్టులో వ్యాయామశాలకు చెందిన పాత చాపలు, కాళ్లు విరిగిన బెంచీలు గోడవారగా పేర్చి ఉన్నాయి. రెండవదానిలో దీపాలు బాగానే వెలుగుతున్నాయి, నేల కూడా శుభ్రంగానే ఉంది, కానీ తలుపు పక్కన దారంతో వేలాడదీసిన బుకింగ్ పుస్తకంలో గడచిన నెల మొత్తానికి ఆరు పేర్లే కనిపించాయి. ఆ ఆరింటిలో నాలుగు ఒకే మనిషివి.

ఆ మనిషిని వెతికి పట్టుకోవడమే ఈ ప్రాజెక్టులో నేను చేసిన మొదటి పని. ఆయన రసాయనశాస్త్ర విభాగంలో పరిశోధక విద్యార్థి. ఈ ఆటను చాలా ఏళ్లుగా ఆడుతున్నారు. జోడీ దొరకక ఒక్కరే వచ్చి గంటసేపు గోడకు బంతి కొట్టుకుని వెళ్లిపోతుంటారు. క్లబ్ పెడదామనుకుంటున్నానని చెబితే ఆయన ఉత్సాహం చూపలేదు సరికదా, "పెట్టడం తేలికే, రెండవసారి ఎవరు వస్తారో చూసుకోండి" అన్నారు. నేర్పించడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఈ డైరీలో ఇకమీదట ఆయనను సీనియర్ అనే రాస్తాను.

రెండవ వారం

క్లబ్ దరఖాస్తు పని ఈ వారంలోనే ముగిసింది. కనీస సభ్యుల సంతకాలు, ఒక అధ్యాపక సలహాదారు, రెండు పేజీల నియమావళి, అధ్యక్ష కార్యదర్శి కోశాధికారుల పేర్లు, గాయాల విషయంలో ప్రతి సభ్యుడూ సంతకం చేయవలసిన అంగీకార పత్రం కావాలన్నారు. నియమావళిలో పదవీకాలం, ఎన్నిక, నిధుల లెక్క అనే మూడు అంశాలు స్పష్టంగా ఉంటే మిగతావాటిని ఎవరూ పట్టించుకోరని తెలిసింది. క్లబ్ పేరు, చిహ్నం, చొక్కా రంగు గురించి మేము నలుగురం మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. ఆ మూడు సాయంత్రాలూ దండగేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇప్పటికీ మాకు చొక్కాలు లేవు, వాటి గురించి ఎవరూ అడగలేదు కూడా.

మూడవ వారం

పరిచయ సమావేశానికి ముప్పై మందికి పైగా వచ్చారు. పుస్తకంలో 31 మంది పేర్లు రాశారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి అడిగిన ప్రశ్న ఒకటే: ఇది స్క్వాష్ కాదా? ఈ ప్రశ్న ప్రతి క్లబ్‌కూ ఎదురవుతుంది కాబట్టి సీనియర్ ఇచ్చిన జవాబును ఇక్కడ రాసి ఉంచుతున్నాను. స్క్వాష్ కోర్టు 32 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు ఉంటుంది. ముందు గోడ అడుగున 19 అంగుళాల ఎత్తు వరకు ఉన్న పట్టీకి బంతి తగిలితే ఆ ర్యాలీ పోయినట్లే. పైకప్పుకు తగిలినా అంతే. రాకెట్‌బాల్ కోర్టు 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు ఉన్న పెట్టె. అందులో పట్టీ లేదు, పైకప్పు కూడా ఆటలో భాగమే, ముందు గోడకు నేల నుంచి అంగుళం ఎత్తున తగిలిన బంతి కూడా మంచి దెబ్బే.

ఆ కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది నాకు ఇంకా ఆసక్తికరంగా అనిపించింది. 1950 ప్రాంతంలో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం గ్రీనిచ్ పట్టణపు వైఎంసీఏలో జో సోబెక్ అనే ఆయన పొట్టి పిడి ఉన్న, తీగలు అల్లిన రాకెట్ ఒకటి తయారు చేయించి, అక్కడ అప్పటికే ఉన్న హ్యాండ్‌బాల్ కోర్టుల్లో ఈ ఆటను మొదలుపెట్టారు. అంటే ఆట కోసం కోర్టు కట్టలేదు, ఉన్న కోర్టుకు సరిపడే ఆటను తెచ్చి పెట్టారు. ఖాళీగా పడివున్న గదిలోకి ఆటను తీసుకురావడమే ఈ క్రీడ పుట్టుక అయినప్పుడు మేము చేస్తున్నదీ దానికి పెద్ద తేడా లేని పనే అని ఆ సాయంత్రం నాకు కొంచెం గర్వంగా అనిపించింది. ఆ గర్వం రెండు వారాలకు మించి నిలవలేదు.

నాలుగవ వారం

ఈ వారమంతా సామగ్రి లెక్క. క్రీడావిభాగం వాళ్లు ఒక ఇనుప బీరువా తాళం ఇచ్చారు. అందులో తొమ్మిది రాకెట్లు, ఒక అట్టపెట్టెలో పదకొండు నీలిరంగు బంతులు, ఏడు రక్షణ కళ్లజోళ్లు ఉన్నాయి.

కళ్లజోళ్లతో మొదలుపెట్టాం. ఏడింటిలో మూడింటికి అసలు అద్దాలే లేవు; అవి పోయినవి కావు, అద్దం లేకుండా ప్లాస్టిక్ చట్రంతోనే తయారైన పాత నమూనా అది. చట్రంలోని సందు బంతికంటే సన్నగా ఉంది కదా, బంతి ఎలా దూరుతుందని మా కోశాధికారి అడిగాడు. సీనియర్ మాట్లాడకుండా ఒక చట్రాన్ని బల్లమీద పెట్టి, బంతిని దానిమీద అరచేత్తో గట్టిగా నొక్కారు. బోలు రబ్బరు బంతి అప్పడంలా అణిగి, దాని నీలిరంగు బుగ్గ సందులోంచి అవతలికి ఉబ్బింది. కన్ను ఉండే చోటు అదే. చేత్తో నొక్కితేనే అంత ఉబ్బితే వేగంగా వచ్చి తగిలినప్పుడు ఏమవుతుందో ఎవరూ వివరించనక్కర లేకపోయింది. ఆ మూడింటినీ అక్కడే విరిచి చెత్తబుట్టలో వేశాం, బీరువాలో ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి పెట్టుకుంటారు కాబట్టి. కొత్తవి కొనేటప్పుడు పాలీకార్బొనేట్ అద్దాలు ఉండాలని, రాకెట్ క్రీడల కళ్లజోళ్లకు ఉన్న ఏఎస్‌టీఎం ఎఫ్3164 వంటి భద్రతా ప్రమాణం ముద్ర చూడాలని, చూపు కోసం వాడే మామూలు కళ్లద్దాలను రక్షణగా లెక్కించకూడదని నియమావళిలో ఒక వాక్యం చేర్చాం. కళ్లజోడు లేనివారికి తలుపు తీయకూడదన్నది మా క్లబ్‌లో మినహాయింపు లేని ఒకే ఒక్క నియమం.

తరువాత బంతులు. నిబంధనల ప్రకారం బంతి వ్యాసం 2.25 అంగుళాలు, బరువు సుమారు 40 గ్రాములు ఉండాలి. 70 నుంచి 74 డిగ్రీల ఫారన్‌హీట్ ఉష్ణోగ్రతలో 100 అంగుళాల ఎత్తు నుంచి వదిలితే 68 నుంచి 72 అంగుళాల దాకా లేవాలి. గోడకు కాగితపు టేపుతో మూడు గీతలు అంటించి, ఒకరు నిచ్చెన మీద నిలబడి వదులుతుంటే మరొకరు మోకాళ్లమీద కూర్చుని, తలను ఆ గీతలతో సమానంగా పెట్టి చూశారు. పదకొండింటిలో నాలుగే నెగ్గాయి. ఆరు బంతులు 50, 60 అంగుళాల మధ్యనే ఆగిపోయాయి. మిగిలిన ఒక్కటీ నేలకు తగలగానే చప్పిడి శబ్దం చేసింది. వేళ్లతో నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటే అతుకు వెంబడి సన్నటి పగులు నుంచి గాలి బుసకొట్టడం వినిపించింది.

ఆ ఆరు మెత్తబడిన బంతులను పారేయబోతుంటే సీనియర్ వద్దన్నారు. కొత్త బంతి కొత్తవాళ్లకు అందదు, అది వెనక గోడకు తగిలి తిరిగివచ్చి, వాళ్లు రాకెట్ ఎత్తేలోపు రెండుసార్లు ఎగిరిపోతుంది, పాత బంతి అయితే వాళ్ల కోసం ఆగుతుంది అన్నారు. వాటిమీద మార్కర్‌తో చుక్క పెట్టి వేరే సంచిలో వేశాం. సెమిస్టర్ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ పని చేసిన సామగ్రి ఆ చుక్క బంతులే.

అయిదవ వారం

మొదటి ఆట రోజు. దీన్ని వైఫల్యం అని రాయడమే నిజాయితీ.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఒక కోర్టు మాది. పంతొమ్మిది మంది వచ్చారు. నేను వేసుకున్న ప్రణాళిక ఏమిటంటే, ఇద్దరిద్దరు చొప్పున 15 పాయింట్ల ఆట ఆడాలి, గెలిచినవారు లోపలే ఉండాలి, ఓడినవారు వెళ్లి వరుసలో చివర నిలబడాలి. సర్వు చేసినవారికే పాయింటు వచ్చే పద్ధతి ఇది. కొత్తవాళ్ల సర్వులు సగం తప్పిపోతాయి, అవతలివారి సర్వులూ తప్పిపోతాయి, పాయింటు కదలదు. మొదటి ఆటకు 28 నిమిషాలు పట్టింది. రెండవదానికి 24. ఈలోగా పదిహేడు మంది బయట వరండాలో గోడకు ఆనుకుని నిలబడి, మొదట మాట్లాడుకుని, తరువాత ఫోన్లు చూసుకుని, ఆ తరువాత ఒక్కొక్కరుగా "రేపు పరీక్ష ఉంది" అంటూ వెళ్లిపోయారు. ఏడు గంటలకు తొమ్మిది మంది మిగిలారు. నీలం బ్యాగు వేసుకొచ్చిన ఒక మొదటి సంవత్సరం విద్యార్థిని గంటా పది నిమిషాలు ఎదురుచూసి, తన వంతుకు ఇంకా ఇద్దరు ముందున్నారని తెలుసుకుని, పెట్టుకున్న కళ్లజోడును జాగ్రత్తగా తుడిచి నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆమె ఒక్క బంతి కూడా కొట్టలేదు.

పైగా ఒక చిన్న ప్రమాదం తప్పిపోయింది. ఒకతని చేతిలోంచి రాకెట్ జారి పక్క గోడకు తగిలింది. మణికట్టు తాడు ఉంది, కానీ వేసుకోలేదు; వేసుకోమని చెప్పవలసిన నేను బయట వరుస సరిచేస్తూ ఉన్నాను.

ఆరవ వారం

ఈ వారం ఆట పెట్టలేదు. పొరపాటు ఎక్కడ జరిగిందో కాగితం మీద లెక్క వేశాను. రెండు గంటలంటే 120 నిమిషాలు. ఆటకు 25 నిమిషాలు వేసుకున్నా అయిదు ఆటలు కూడా పూర్తికావు. ప్రతి ఆటకూ కొత్త జంటనే పంపినా పదిమందికి మించి వంతు రాదు, గెలిచినవారిని లోపలే ఉంచితే ఆరుగురికి మించదు. నేను 31 మందిని చేర్చుకుని, ఆరుగురు ఆడే ఏర్పాటు చేశాను. ఫుట్‌బాల్ క్లబ్‌కో పరుగుపందెం క్లబ్‌కో ఈ చిక్కు ఉండదు. రాకెట్‌బాల్‌లో నాలుగు గోడల మధ్య ఇద్దరు ఆడుతుంటే మిగతావాళ్లంతా తలుపు బయట ఉండవలసిందే. కాబట్టి ఈ క్లబ్ నడపడమంటే ఆడేవాళ్లను చూసుకోవడం కాదు, ఎదురుచూసేవాళ్లను చూసుకోవడం. మొదటి వారం సీనియర్ అన్న మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

డబుల్స్ పెట్టేద్దామని కార్యదర్శి అన్నాడు. నలుగురు ఒకేసారి ఆడతారు కదా అన్నది అతని లెక్క. సీనియర్ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఎవరి వెనక ఎవరు ఉన్నారో చూసుకునే అలవాటు ఇంకా రాని నలుగురిని నాలుగు రాకెట్లతో 20 అడుగుల వెడల్పులో తిప్పడం మంచిది కాదు. ముగ్గురు ఆడే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని కట్‌త్రోట్ అంటారు: సర్వు చేసేవారు ఒక పక్షం, మిగతా ఇద్దరూ కలిసి రెండవ పక్షం, సర్వు చేసినవారు ర్యాలీ పోగొట్టుకుంటే వంతు తరువాతివారికి మారుతుంది. దానిలో ఎవరి లెక్క వారిదే, కాబట్టి ఆట ఎక్కడ ఆపినా ఎవరికీ అన్యాయం జరగదు. మాకు కావలసింది సరిగ్గా అలాంటి ఆటే.

పథకం ఇలా కుదిరింది. రెండు గంటలను నాలుగు అరగంటల విడతలుగా విడదీసి, ఒక్కో విడతకు ఆరుగురి పేర్లు ముందుగానే రాయించుకోవాలి. ముగ్గురు 12 నిమిషాలు ఆడుతుంటే ముగ్గురు వెనక గోడ పైనున్న గ్యాలరీ నుంచి రెఫరీ పని చేయాలి. తరువాత 12 నిమిషాలు తారుమారు. చివరి ఆరు నిమిషాలు నేల తుడవడానికి, సర్వు సాధనకు. అలా ఒక సాయంత్రం 24 మందికి వంతు వస్తుంది, ఎవరూ తమ అరగంటకు ముందు వచ్చి నిలబడనక్కర లేదు. ఆట గెలిచేదాకా కాకుండా గడియారం మోగేదాకా ఆడడం ఏమిటని ఇద్దరు అలిగారు. వాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉంది, కానీ దానికి ఇంకో రోజు కేటాయించాలి తప్ప ఈ రోజును కాదు.

ఏడవ వారం

కొత్త పద్ధతిలో మొదటి సాయంత్రం పద్నాలుగు మంది పేర్లు రాశారు, పదమూడు మంది వచ్చారు. నీలం బ్యాగు విద్యార్థినికి నేనే వెళ్లి చెప్పి, మొదటి విడతలో పేరు రాయించాను. ఆమె చుక్క బంతితో కొట్టిన మొదటి సర్వు ముందు గోడకు కాకుండా పక్క గోడకు ముందు తగిలింది, అంటే ఆ వంతు అక్కడికక్కడే పోయినట్లు. నాలుగవ వంతుకు బంతి ముందు గోడకు తగిలి, షార్ట్ లైన్ అనే నడిమి గీత దాటి నేలకు తగిలింది. అంతవరకు చేతగాని పనిలా కనిపించినది ఒక్కసారి కుదిరినప్పుడు మనిషి భుజాలు ఎలా దిగుతాయో గ్యాలరీలోంచి చూశాను.

రెఫరీ పని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఇది మేము ఊహించని లాభం. వరుసలో నిలబెట్టడానికి బదులు ఏదో ఒక పని చెప్పాలని మాత్రమే దాన్ని పెట్టాం. కానీ నియమాలు కాగితం మీద చదివినవారికంటే గ్యాలరీలో కూర్చున్నవారికే త్వరగా పట్టుబడ్డాయి. ఉదాహరణకు స్కిప్ అనే తప్పును తీసుకుందాం: కొట్టిన బంతి ముందు గోడకు చేరేలోపే నేలను తాకితే ర్యాలీ పోతుంది. తక్కువ ఎత్తులో వేగంగా వెళ్లే బంతి నేలను తాకిందో లేదో కంటితో పట్టుకోవడం కష్టం. సీనియర్ వాళ్లను కళ్లు మూసుకుని వినమన్నారు. మంచి దెబ్బకు గోడ దగ్గర ఒక్కటే శబ్దం వస్తుంది. స్కిప్ అయితే రెండు శబ్దాలు ఒకదానినొకటి తరుముతున్నట్లు వస్తాయి, గోడకు తగిలాక బంతి ఉండవలసినదానికంటే పైకి లేస్తుంది. పది నిమిషాల్లో ముగ్గురూ ఒకేసారి "స్కిప్" అని అరవసాగారు. తరువాత వాళ్లే లోపలికి దిగినప్పుడు తమ తప్పును తామే ఒప్పుకున్నారు, వాదన రాలేదు.

హిండర్ మాత్రం అంత తేలికగా పట్టుబడలేదు. ఎదుటివారు అడ్డుగా ఉన్నారనిపిస్తే, రాకెట్ ఊపడం ఆపేసి, ఆ ర్యాలీని మళ్లీ ఆడవచ్చు; ఆపినందుకు పాయింటు పోదు. ఈ మాట అందరికీ చెప్పాం, అందరూ తల ఊపారు. అయినా లోపల బంతి కనిపించగానే చెయ్యి ఆగదు. ఒకతని పిక్క మీద బంతి తగిలి, అతుకు గీత కూడా కనిపించేంత గుండ్రటి ఎర్రమచ్చ పడింది. ఆ రోజు నుంచి మేము ఒక అలవాటు చేశాం: అడ్డు వచ్చిందని ఎవరైనా చెయ్యి ఆపితే గ్యాలరీలోని ముగ్గురూ చప్పట్లు కొట్టాలి. ఇది మొదట నవ్వులాటగా మొదలైంది. ఇప్పుడు చప్పట్ల కోసమే ఆపుతున్నారేమోనని నాకు అనుమానంగా ఉంది, కానీ ఆ అనుమానం వల్ల ఎవరి పిక్కకూ నష్టం లేదు.

తొమ్మిదవ వారం

చాపలు పేర్చి ఉన్న కోర్టును ఇవ్వమని మొదటి వారంలో క్రీడావిభాగం వాళ్లను అడిగినప్పుడు, "ఉన్న ఒక్కటే ఎవరూ వాడడం లేదు, రెండవది ఎందుకు?" అన్నారు. వాళ్లు చూపించింది అదే బుకింగ్ పుస్తకాన్ని. అందులోని ఆరు పేర్లకు నా దగ్గర జవాబు లేదు. ఈ వారం అదే పుస్తకాన్ని నేను పట్టుకుని వెళ్లాను. ఏడవ, ఎనిమిదవ వారాల్లోని నాలుగు సాయంత్రాలకు కలిపి 71 పేర్లు ఉన్నాయి, ప్రతి పేరు ఎదురుగా వచ్చారా లేదా అన్న గుర్తుతో సహా. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. పుస్తకం బల్లమీద తెరిచి పెట్టి, చాపలు ఎక్కడికి మోయాలో చెబితే మేమే మోస్తామన్నాం. శనివారం ఉదయం పన్నెండు మంది కలిసి గంటన్నరలో ఖాళీ చేశాం. చాపల కింద మరో రెండు బంతులు దొరికాయి. రెండూ చుక్క సంచికే వెళ్లాయి.

రెండవ కోర్టు నేల మీద గీతలు చెరిగిపోయి ఉన్నాయి. సర్వు గీత ముందు గోడకు 15 అడుగుల దూరంలో, షార్ట్ లైన్ 20 అడుగుల దూరంలో, అంటే కోర్టుకు సరిగ్గా నడుమ, బంతి అందుకునేవారు ఆగవలసిన తెగిన గీత దానికి 5 అడుగుల వెనక ఉండాలి. రంగు వేయడానికి అనుమతి ఇంకా రాలేదు కాబట్టి ప్రస్తుతానికి ఎర్ర టేపు అంటించాం. టేపు అంచు లేస్తే కాలు తట్టుకుంటుంది. ప్రతి విడత చివర నేల తుడిచేవారే దాన్ని అరచేత్తో రుద్ది అదమాలని జాబితాలో చేర్చాం.

పదకొండవ వారం

రెండవ కోర్టు రావడంతో పూర్తి ఆట కావాలని అలిగిన ఇద్దరి కోరిక తీరింది. గురువారం ఆ కోర్టును నిచ్చెన పట్టికకు కేటాయించాం: పేర్లు పైనుంచి కిందికి వరుసగా ఉంటాయి, ఎవరైనా తమకంటే రెండు మెట్లలోపు పైనున్నవారిని ఆటకు పిలవవచ్చు, గెలిస్తే మెట్లు మారతాయి. రెండు ఆటలు 15 పాయింట్లకు, చెరొకటి గెలిస్తే మూడవది 11 పాయింట్లకు. ప్రస్తుతం తొమ్మిది మందే ఆ పట్టికలో ఉన్నారు, మిగతావాళ్లకు ముగ్గురి ఆటే ఇష్టం. నేను ఆరవ మెట్టు మీద ఉన్నాను. నాకు పై మెట్టు మీద ఉన్నది నీలం బ్యాగు విద్యార్థిని. ఆమె బంతిని పైకప్పు ముందు భాగానికి కొట్టి, అది ముందు గోడకు తగిలి దిగి, నేలకు తగిలి ఎగిరి, నన్ను వెనక గోడ దాకా తరిమేలా చేయడం నేర్చుకుంది. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

మిగిలిన పనులు: రెండవ కోర్టులో ఒక దీపం మిణుకుమిణుకుమంటోంది, ఫిర్యాదు పుస్తకంలో రాశాం. నాలుగు కళ్లజోళ్ల అద్దాలు గీతలు పడి మసకబారాయి, వాటిని మార్చాలి. సీనియర్ వచ్చే సెమిస్టర్‌లో సిద్ధాంత గ్రంథం సమర్పించి వెళ్లిపోతారు కాబట్టి మంగళవారం మొదటి విడతలో కొత్తవాళ్లకు సర్వు నేర్పడానికి ఇద్దరిని ఈలోగానే ఆయన పక్కన నిలబెట్టాం. పాత బుకింగ్ పుస్తకం నిండిపోయింది. కొత్తదానికి దారం కట్టి అదే మేకుకు తగిలించాను. ఈ గురువారం మూడవ విడతలో రెండు ఖాళీలు ఉన్నాయి.